పండగ నెలల్లో రాత్రి వంట: పోపు దగ్గర విడదీయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పర్లాకిమిడిలో ఎనిమిది మంది ఉన్న ఉమ్మడి ఇల్లు. మీరు బ్యాంకులో పని ముగించుకుని ఇల్లు చేరేసరికి ఆరున్నర. మీవారు టెక్కలి నుంచి గుణుపూర్ బండిలో వస్తారు, అది ఎప్పుడు చేరితే అప్పుడే ఆయన భోజనం. అత్తగారు తెలుగు లెక్క ప్రకారం కార్తీకం పాటిస్తారు. తోటికోడలు ఒడియా ఇంటి పిల్ల, ఆమెది ఒడియా లెక్క. మరిది నెల మధ్యలో కూడా చేప కావాలంటాడు. మామగారికి షుగరు. ఇద్దరు పిల్లల్లో చిన్నదానికి అయిదేళ్లు. దసరా మొదలు మార్గశిరం వెళ్లేదాకా పనిరోజుల్లో రాత్రి ఏం వండాలో వారానికి సరిపడా ఒక పట్టిక రాసిమ్మన్నారు.

పట్టిక ఇవ్వను. చాలా ఏళ్లు ఒక కాలేజీ హాస్టల్ వంటశాల బాధ్యత చూశాను. అక్కడ పట్టిక పనిచేసింది. ఎందుకంటే రెండు వందల మంది ఒకే సమయానికి ఒకే వంట తినేవారు, నచ్చనివారు గొణుక్కుంటూ తినేవారు. మీ ఇంట్లో సోమవారం ఒకరికి ఉపవాసం, గురువారం ఇంకొకరికి పూజ, మధ్యలో నాగులచవితి, ఎవరింటి నుంచో వచ్చిన ప్రసాదం, చెప్పకుండా దిగిన చుట్టాలు. ఇలాంటి ఇంట్లో ‘మంగళవారం బెండకాయ వేపుడు’ అని రాసి గోడకు అంటించిన కాగితం మొదటి వారమే అబద్ధమవుతుంది. అది చూసినప్పుడల్లా మీకు మీమీదే కోపం వస్తుంది. వంటకాల పేర్లు తర్వాత చూసుకుందాం. ముందు రోజులను లెక్కపెట్టుకోవాలి.

గోడ మీది క్యాలెండర్లు రెండూ కిందికి దించండి. తెలుగు పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా పంజిలో పౌర్ణమితో ముగుస్తుంది. అందుకే మీ తోటికోడలి కార్తీకం మీ అత్తగారి కార్తీకం కంటే ఒక పక్షం ముందు మొదలై, ఒక పక్షం ముందే అయిపోతుంది. 2026 సంగతి చూడండి. అధిక జ్యేష్ఠం వచ్చిన సంవత్సరం కాబట్టి పండగలన్నీ ఆలస్యంగా పడ్డాయి. దసరా అక్టోబరు 20, దీపావళి నవంబరు 8, కార్తీక పౌర్ణమి నవంబరు 24. కుమార పున్నమి (దసరా తర్వాత వచ్చే పౌర్ణమి) వెళ్లిన మర్నాటి నుంచి, అంటే అక్టోబరు చివరి వారం నుంచే తోటికోడలికి మొదలు. అత్తగారికి నవంబరు 10న మొదలై డిసెంబరు 9 దాకా నడుస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, చేప, మాంసం మీ ఇంట్లో ఎవరో ఒకరికి పనికిరాని కాలం ఆరు వారాల పైమాటే. మీరు నెల రోజులనుకుని సరుకులు తెచ్చుకున్నారు, మధ్యలోనే చేతులెత్తేశారు. ప్రతి ఏడాదీ ఇలాగే జరుగుతోందని మీరు రాసిన దానికి సగం కారణం ఈ లెక్కలోనే ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. అప్పటినుంచీ ఈ ఊళ్లో చాలా ఇళ్లలో రెండు క్యాలెండర్లు వేలాడుతూనే ఉన్నాయి. ఇది మీ ఒక్కరి తిప్పలు కాదు.

ఇప్పుడు గుర్తులు పెట్టండి. అత్తగారి సోమవారాలు నవంబరు 16, 23, 30, డిసెంబరు 7. మార్గశిర లక్ష్మివారాలు ఒడియా లెక్కలో నవంబరు 26 నుంచి, తెలుగు లెక్కలో డిసెంబరు 10 నుంచి. డిసెంబరు 10, 17 తేదీలు రెండు లెక్కల్లోనూ పడతాయి కాబట్టి ఆ రెండు రోజులూ ఇంట్లో ఇద్దరూ పూజలోనే ఉంటారు. మీకు వంటింట్లో సాయం దొరకదని ముందే రాసుకోండి. పౌర్ణమికి ముందు, ఏకాదశి నుంచి వచ్చే అయిదు రోజులు ఒడియావారికి పంచుక. కొంగ కూడా చేపను ముట్టదని చెప్పుకునే రోజులవి. మీ మరిది లాంటివారు సైతం ఆ అయిదు రోజులు చేప అడగరు. కాబట్టి ఆ వారం మీకు తేలిక. అందరికీ ఒకే వంట.

మిగిలిన రోజుల సంగతే అసలు కష్టం. ఒకరికి ఉల్లి లేని కూర, ఒకరికి ఉల్లి ఉన్న కూర, పిల్లలకు కారం లేనిది, మామగారికి అన్నం తక్కువ. మీరు రోజూ మూడు రకాల కూరలు వండుతున్నానని రాశారు. అది మానేయండి. ఒకటే కూర పోపు దాకా అందరికీ కలిపి వండండి. పోపు దగ్గర విడదీయండి. నేను చెప్పదలచింది నిజానికి ఇంతే, మిగతాదంతా దీన్ని ఎలా నడపాలో చెప్పడమే.

పప్పుతో చూద్దాం. ఎనిమిది మందికి కందిపప్పు ఒకటిన్నర గ్లాసు, సుమారు మూడు వందల గ్రాములు, అరగంట నానబెట్టి పసుపు వేసి కుక్కరులో మూడు విజిళ్లు రానివ్వండి. ఆవిరి పోయాక మూత తీసి గుమ్మడికాయ, అరటికాయ, ములక్కాడ ముక్కలు వేసి ఇంకొక్క విజిల్. ముక్కలు మొదటే వేస్తే గుమ్మడి కనిపించకుండా పోతుంది. ఉప్పు ఇక్కడ కాస్త తక్కువే వేయండి. చింతపండు మాత్రం అసలు వేయకండి. పులుపు ముందే పడితే పప్పూ ముక్కా మెత్తబడడానికి మొరాయిస్తాయి. పైగా పులుపు పడిన గిన్నె ఇక పులుసుకే పనికొస్తుంది, వెనక్కి తిప్పలేరు. ఇప్పుడు మీ ముందున్న ఈ గిన్నె అటు ఒడియావారి కూరగాయల పప్పు దాల్మా కాగలదు, ఇటు పప్పుచారు కాగలదు, దప్పళమూ కాగలదు.

అత్తగారి వంతు ముందు తీయండి. చిన్న బాండీలో నెయ్యి, జీలకర్ర, అల్లం, కరివేపాకు. పైన పచ్చికొబ్బరి కోరు. తోటికోడలికి అదే నెయ్యిలో పంచఫుటణ వేస్తే, అంటే ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర కలిపిన పోపు దినుసులు వేసి, దించేముందు వేయించిన జీలకర్ర, ఎండుమిరప పొడి చల్లితే ఆమె పుట్టింటి దాల్మా అవుతుంది. వీళ్లిద్దరికీ వేర్వేరుగా చేయాలని కూడా లేదు. సోంపు వాసన అత్తగారికి అభ్యంతరం కాకపోతే ఒకే పోపు సరిపోతుంది, అడిగి చూడండి. ఆ తర్వాత పిల్లల వంతు. రెండు గరిటెలు తీసి మెదిపి నెయ్యి వేసి పక్కన పెట్టండి. చివరికి మిగిలిన గిన్నెలో వెల్లుల్లి, ఉల్లి, కారం వేసిన పోపు. ఈ వరుస తప్పవద్దు. ఉల్లి బాండీ పొయ్యి మీదికి ఎక్కేది అందరికంటే చివర. దానికి వేరే బాండీ, వేరే గరిటె. ఇళ్లలో ఈ నెలలో వచ్చే మాటపట్టింపుల్లో చాలావరకు వంటకం గురించి రావు, గరిటె గురించి వస్తాయి. రెండో గరిటె పిడికి ఎర్ర దారం కట్టి పెట్టుకోండి. చౌకగా అయిపోయే శాంతి ఒప్పందం.

మర్నాడు ఇదే పద్ధతిని కందగడ్డకో బంగాళాదుంపకో వాడవచ్చు. ఉడికించిన ముక్కలు ఒకటే. సగానికి పచ్చిమిర్చి, కొబ్బరి. సగానికి వెల్లుల్లి కారం. ఉప్మాకు, చారుకు కూడా ఇదే దారి. ఆవ పెట్టిన కూర ఈ కాలానికి చాలా మంచిది, ఉల్లి అవసరమే లేదు, అత్తగారికీ తోటికోడలికీ ఇద్దరికీ ఇష్టమైన రుచి. తోటికోడలు దాన్ని బేసర అంటుంది, ఆమె పద్ధతిలో ఆవముద్దతో పాటు వెల్లుల్లి పడుతుంది కాబట్టి ఈ నెలలో మన పద్ధతే మేలు. ఒక్క జాగ్రత్త. ఆవాలు నీళ్లు తగిలి నలిగినప్పుడే ఘాటు పుడుతుంది, వేడి తగలగానే తగ్గిపోతుంది. కాబట్టి ఆవముద్ద అప్పటికప్పుడు నూరి, పొయ్యి కట్టేశాక కలపండి. ఆదివారమే నూరి ఫ్రిజ్‌లో దాచుకుంటే మీకు చేదే మిగులుతుంది.

ఆదివారం అంటే గుర్తొచ్చింది. ఇంటర్నెట్‌లో చూసి ఆదివారమే మూడు రోజుల కూరలు వండి డబ్బాల్లో పెట్టారని, అత్తగారు ముట్టలేదని రాశారు. ఆవిడ ముట్టరు మరి. వ్రతంలో ఉన్నవారికి నిన్న వండినది చద్ది. వేడి చేసినా చద్దే. దీని మీద వాదించి లాభం లేదు, వాదించాల్సిన అవసరమూ లేదు. తరిగి ఉంచినదానికీ పొడి కొట్టి ఉంచినదానికీ ఆ పట్టింపు ఉండదు. కాబట్టి ఆదివారం మీరు చేయాల్సింది వంట కాదు, వంటకు ముందు పని.

నాకు పనికొచ్చినవి చెబుతాను. వేయించిన జీలకర్ర, ఎండుమిరప పొడి ఒక సీసా. నువ్వుల పొడి ఒక సీసా, ఉత్తరాంధ్ర ఇళ్లలో అది లేకుండా ఏ వేపుడూ పూర్తికాదు. పెసరపప్పు దోరగా వేయించి డబ్బాలో. బొంబాయి రవ్వ వేయించి ఇంకో డబ్బాలో, ఇవి రెండూ నెల రోజులు నిలుస్తాయి. గుమ్మడి, బీన్సు, క్యారెట్, గోబీ తరిగి పెడితే రెండు మూడు రోజులు బాగుంటాయి. అరటికాయ, వంకాయ మాత్రం తరిగి పెట్టకండి, నల్లబడతాయి. వాటిని వండే ముందే మజ్జిగ నీళ్లలోకో ఉప్పు నీళ్లలోకో తరుక్కోవాలి. ఆకుకూర కడగకుండా, మట్టి దులిపి, వేళ్లు కోసి, పొడిబట్టలో చుట్టి పెట్టండి. తడి తగిలితే మంగళవారానికే కుళ్లుతుంది. కొబ్బరి కోరి దాచవద్దు. ఈ ఊళ్లో కొబ్బరికాయకు కరువు లేదు, రోజూ పూజలో కొట్టినవే మిగులుతాయి. ఉల్లిపాయలు మీరూ మరిదీ తినే రోజులకోసం ఒకేసారి నూనెలో గోధుమరంగు వచ్చేదాకా వేయించి చిన్న డబ్బాలో ఫ్రిజ్ కింది అరలో పెట్టుకోవచ్చు, నాలుగైదు రోజులు ఉంటాయి. మూత గట్టిగా ఉండే డబ్బా చూడండి, పై అరలో నైవేద్యానికి పెట్టిన పాలకు ఆ వాసన పడితే మళ్లీ గొడవ.

రుబ్బిన పిండి విషయం అత్తగారిని అడగాలి. కొన్ని ఇళ్లలో పులిసిన పిండితో అప్పటికప్పుడు వేసిన అట్టు పనికొస్తుంది, కొన్ని ఇళ్లలో పనికిరాదు. పనికొచ్చే ఇల్లయితే మీ రాత్రుళ్లు సగం గడిచినట్టే. దిబ్బరొట్టె, అట్టు, ఇడ్లీ అన్నీ ఒక పిండిలోనే ఉన్నాయి. ఒడియావారి అట్టు, చకులి కూడా ఆ పిండే. కార్తీక పౌర్ణమి తర్వాతి అష్టమికి మీ తోటికోడలు ప్రథమాష్టమి చేస్తుంది, ఇంటి తొలిచూలు బిడ్డకు మేనమామ కొత్తబట్టలు తెస్తాడు. ఆ రోజు చేసే ఎండూరి పిఠా పసుపు ఆకుల్లో పిండి పరిచి మధ్యలో కొబ్బరి, బెల్లం పెట్టి ఆవిరి మీద ఉడికించేది. అది పిల్లలకు రాత్రి భోజనంగా హాయిగా సరిపోతుంది, పక్కన ఒక చారు చాలు. ఆ రోజు ఇంకో వంట పెట్టుకోకండి. ఇక్కడ డిసెంబరు రాత్రుళ్లు చల్లగా ఉంటాయి, వేసవిలో ఎనిమిది గంటల్లో పొంగే పిండికి పన్నెండు గంటలైనా పడుతుంది. మూత పెట్టిన గిన్నెను గోరువెచ్చని నీళ్లున్న పెద్ద పాత్రలో దించి, దుప్పటి కప్పండి.

ఇప్పుడు సోమవారం. మీరు దీన్ని రాత్రి ఎనిమిదిన్నర భోజనంగా లెక్కవేసుకుంటున్నారు. అది అత్తగారికి అన్యాయం. ఆవిడ పగలంతా ఉపవాసం ఉండి నక్షత్రం చూసి తింటారు. నవంబరులో మన వైపు అయిదున్నర లోపే పొద్దు గూకుతుంది, ఆరుకల్లా చుక్క కనిపిస్తుంది. మీరు ఇల్లు చేరేసరికే ఆవిడ ఆకలితో అరగంట ఎదురుచూసి ఉంటారు. అందుకే సోమవారం సాయంత్రాలు ఆవిడ విసుగ్గా ఉంటారని మీరు రాసిన మాట చదివి నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ రోజు వంట మీ చేతిలో లేకుండా చూసుకోండి. పొద్దున్నే మీరు బియ్యం, వేయించిన పెసరపప్పు కొలిచి ఒకే గిన్నెలో పెట్టి, అల్లం, మిరియాలు, నెయ్యి పక్కన సిద్ధం చేసి వెళితే, అయిదున్నరకు తోటికోడలు నీళ్లు పోసి కుక్కరు పెట్టేస్తుంది. కట్టు పొంగలి ఇరవై అయిదు నిమిషాల పని. దానితోపాటు పెరుగు, అరటిపండు. పిల్లలనూ నానమ్మతోపాటే ఆరుంబావుకు కూర్చోబెట్టండి. చుక్క చూపించమని ఎలాగూ వెంటపడతారు. మీరు వచ్చేసరికి ముగ్గురి భోజనం అయిపోయి ఉంటుంది, మీకు మిగిలేది పెద్దవాళ్ల పూట మాత్రమే.

తోటికోడలు హబిష పాటిస్తే, అంటే ఒంటిపూట అన్నంతో నియమంగా ఉంటే, ఆమె బియ్యం వేరుగా ఉండాలి. మీ ఇంట్లో రోజూ ఉప్పుడు బియ్యం వండుతున్నామన్నారు. హబిషకు పచ్చిబియ్యమే, వాళ్ల మాటలో అరువా. రెండింటికీ నీళ్ల కొలత, ఉడికే సమయం వేరు కాబట్టి ఒకే గిన్నెలో కుదరదు. కుక్కరులో గిన్నె మీద గిన్నె పెట్టి కూడా ప్రయత్నించకండి, ఒకటి చిమిడితే ఒకటి పలుకుగా మిగులుతుంది. ఆ నెల మొత్తం ఇంటిల్లిపాదికీ పచ్చిబియ్యమే తెచ్చేసుకుంటే పోతుంది. మామగారు ఒకటి రెండు రోజులు సణుగుతారు.

మామగారి గురించి రెండు మాటలు. రాత్రి ఆయనకు చోడిపిండి రొట్టె, అంటే రాగి రొట్టె మంచిదే. ఒడియావారి మండియా కూడా అదే. రాయగడ, కొరాపుట్ వైపు గిరిజన గ్రామాల్లో అది నిత్యాహారం. 2017లో ఒడిశాలో మిల్లెట్ మిషన్ మొదలయ్యాక పట్టణాల దుకాణాల్లోనూ బాగా కనిపిస్తోంది. కాకపోతే చోడి అయినా పిండిపదార్థమే, రెండు రొట్టెల చోట నాలుగు తింటే షుగరు పెరగకుండా ఉండదు. కూర ఎక్కువ, రొట్టె తక్కువ. అసలు జాగ్రత్త వేరే ఉంది. ఆయన కూడా అత్తగారితో సోమవారం ఉపవాసం ఉంటానంటే, మాత్రలు వేసుకుంటున్న మనిషి కాబట్టి ముందు డాక్టరును అడగాలి. తిండి ఆపి మాత్ర మామూలుగా వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. పండగ రోజుల్లో వచ్చే చిమ్మిలి, చలిమిడి, అరిసెలు ఆయన కంటపడకుండా పెట్టడం మీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. వాటిని భోజనం తర్వాత కాకుండా భోజనంలో భాగంగా, రొట్టె ఒకటి తగ్గించి, చిన్న ముక్క పెట్టండి.

గురువారాలకు పెద్దగా ఆలోచించనక్కర్లేదు. పొద్దున్న తోటికోడలు గుమ్మంలో పిండితో లక్ష్మీపాదాలు వేసి మాణబసా పూజ చేస్తుంది, ఖీరి (పాయసం), పిఠా ఎలాగూ ఉంటాయి. ఆ ప్రసాదం బయటివారికి పెట్టరు. ఇంట్లోవాళ్లే తినాలి. అంటే ఆ రాత్రికి తీపి, సగం కడుపుకు సరిపడా తిండి ముందే ఉంది. మీరు ఒక చారు, ఒక కూర చేస్తే చాలు. మీ బ్యాంకు వాళ్లను మార్గశిరంలో ఏదో ఒక రాత్రి భోజనానికి పిలుద్దామనుకుంటున్నానన్నారు. గురువారం మాత్రం పిలవకండి. ఇంట్లో ఉన్నది పెట్టలేక, కొత్తగా వండే ఓపిక లేక నలిగిపోతారు. శుక్రవారం పిలవండి.

ఛాడఖాయి రోజు గురించి మీ మరిది పట్టుదల రాశారు. నెల పట్టిన ఒడియా ఇళ్లన్నీ పౌర్ణమి మర్నాడు మాంసం వండుకునే రోజది. 2026లో నవంబరు 25, బుధవారం. ఆ మర్నాడే మార్గశిర తొలి గురువారం. మీ అత్తగారికేమో అప్పటికి ఇంకా పక్షం రోజుల కార్తీకం మిగిలే ఉంటుంది. అంటే ఇంట్లో ఒక వర్గానికి ఒకే ఒక్క సాయంత్రం, దాని తర్వాత ఇల్లంతా కడిగి లక్ష్మిని పిలవాలి. మాంసం దుకాణం ముందు వరస, ధర కూడా ఆ రోజు ఊరుకోదు. పనిరోజు సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరి మీరు మటన్ వండుతాననుకోవడం దండగ. మరిదినే పొద్దున్న తెమ్మనండి. పెరడులోనో మేడ మీదో వేరే పొయ్యి, వేరే కుక్కరు ఉంటే అతనే వండుకుంటాడు, లేకపోతే ఆ పూట బయట తినివస్తాడు. 2025లో పౌర్ణమి నవంబరు 5, బుధవారం పడింది కాబట్టి ఛాడఖాయి సరిగ్గా గురువారమే వచ్చింది. మా వీధిలో చాలామంది మాంసాన్ని శుక్రవారానికి జరుపుకున్నారు, ఆకాశమేమీ ఊడిపడలేదు. మీ మరిదికి ఆ మాట గుర్తుచేయండి.

బండి ఆలస్యమయ్యే రాత్రుళ్లు మీవారి వంతు అన్నం పొయ్యి పక్కన మూత పెట్టి గంటలు గంటలు ఉంచుతున్నట్టున్నారు. అలా వద్దు. అన్నం వండాక గది వేడిలో ఎక్కువసేపు ఉంటే అందులో పెరిగే సూక్ష్మజీవులు విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. రెండు గంటలు దాటేలా ఉంటే వెడల్పు పళ్లెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, ఆయన వచ్చాక పొగలు కక్కేలా ఒక్కసారే వేడి చేయండి. కొబ్బరి పడిన దాల్మా ఇంకా త్వరగా పాడవుతుంది. అందుకే ఆయన వంతులో కొబ్బరి వేయకుండా పక్కకు తీసి, వడ్డించేటప్పుడు పైన చల్లండి. అన్నిటికంటే సులువు ఏమిటంటే, ఆ రాత్రికి ఆయనకు అన్నమే వద్దు. పిండి ఉంటే వచ్చాక రెండు అట్లు ఆయనే వేసుకోవచ్చు. పెనం ఎక్కడుందో తెలియని మగవాడు ఈ రోజుల్లో ఉండడనే అనుకుంటున్నాను.

సాయం సంగతి మీరు మొహమాటంగా ఒక్క వాక్యంలో అడిగారు. ఎవరికి ఏ పని ఇవ్వాలో పనుల పేర్లతో అడగండి, ‘కాస్త సాయం చేయండి’ అని అడగకండి. అయిదింటికి కందిపప్పు నానబెట్టడం మామగారి పని. ఆయన ఆ వేళకు ఇంట్లోనే ఉంటారు, గ్లాసు కొలత తెలిస్తే చాలు. ఆకుకూర బాగుచేయడం ఆదివారం టీవీ ముందు కూర్చున్నవారందరి పని. పెద్దవాడు కంచాలు, మంచినీళ్లు పెడతాడు. కొబ్బరి కోరడం తోటికోడలు మీకంటే రెండింతల వేగంతో చేస్తుంది, ఆమెకే వదిలేయండి. పోపు మాత్రం మీరే పెట్టండి. విడదీయడం అక్కడే కాబట్టి ఒకే చేయి ఉంటే తికమక రాదు.

చివరగా చిన్నదాని గుడ్డు. నెలంతా ఇంట్లో గుడ్డు లేకపోతే పిల్ల బలహీనపడుతుందేమోనని మీ భయం. అత్తగారికి అభ్యంతరం లేకపోతే పొద్దున్నే, పూజకు ముందు కాకుండా తర్వాత, వేరే గిన్నెలో ఉడికించి పెట్టవచ్చు. అభ్యంతరం ఉంటే పట్టుబట్టకండి. శనగలు పొద్దున్న నానబెడితే రాత్రికి ఉడుకుతాయి, వేరుశనగ గింజలు, పెరుగు, పప్పు రోజూ ఉన్నాయి. ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి వడకట్టిన ముద్ద, ఈ ఊళ్లో మిఠాయి దుకాణాల్లో తాజాగా దొరుకుతుంది. పావు కిలో తెచ్చి, సగం పంచదార వేయకుండా జీలకర్ర, అల్లం పోపుతో పొడికూర చేయండి, సగం ఆ రాత్రే చపాతీ పిండిలో కలిపి ఒత్తండి. తెచ్చిన రోజే వాడేయండి, మర్నాటికి పులుస్తుంది.